మూడో విమానం

బిట్రగుంట,
అక్టోబరు మొదటి వారం

ఇంజనీరమ్మ రేవతికి,

పెదనాయన హజరత్తయ్య రాస్తున్నది. నేనూ మీ పెద్దమ్మ వెంకటశేషమ్మా మోకాళ్లు తప్ప మిగతా అంతా బాగానే ఉన్నాం.

ఫోనుతో పోయేదానికి ఉత్తరాలెందుకని నువ్వు ఎప్పుడూ అడగలేదు. అందుకే ఇంట్లో పిల్లలందరిలో నువ్వంటే నాకు ఒక పిసరు ఎక్కువ ఇష్టం. ముప్పై ఏళ్లు ఆవిరింజన్ల షెడ్డులో సుత్తి దెబ్బలు విన్న చెవులివి. ఇప్పుడు ఫోను పెట్టుకుంటే అవతలివాళ్లు నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టుంటుంది. మా అమ్మాయి వినీలేమో వాట్సాప్‌లో రాయమంటుంది. అందులో నేను మూడు మాటలు రాసేలోపల నాలుగో మాట అదే రాసేస్తుంది. నా మాట నన్ను చెప్పనివ్వని దానితో నాకేం పని?

సరే, అసలు సంగతికి వస్తాను. నువ్వు వాకాడు దగ్గర ఆ విమానాల క్లబ్బులో చేరి రెండేళ్లయింది. అక్కడ నువ్వు ఏం చేస్తావో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "రిపేర్లు" అంటావు. రిపేర్లు సైకిలు షాపులో కూడా చేస్తారు. నాకు వివరం కావాలి.

నిన్న టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. వెంటనే నీ విమానాలు గుర్తొచ్చాయి. పడవనైతే ఒడ్డెక్కిస్తారు. పశువునైతే తాడు విప్పి వదిలేస్తారు. మా రైల్వేలో ఖాళీ వ్యాగన్లను గొలుసులతో పట్టాలకు కట్టేవాళ్లం. లేకపోతే గాలికి వాటంతటవే బయలుదేరతాయి. మరి సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న విమానాన్ని ఏం చేస్తారు? కడతారా? దాస్తారా? కడితే ఎక్కడ కడతారు, దానికి మెడ ఉందా?

ఇంకొక్క ప్రశ్న. ఆ చిన్న విమానంలో పైకి పోతే నీకెలా ఉంటుంది? ఇదొక్కటి మాత్రం తీరిగ్గా, పూర్తిగా రాయి.

మీ పెద్దమ్మ నీకు నిమ్మకాయ ఊరగాయ పంపుతానంటోంది. దానికి విమానం అక్కర్లేదు, బస్సు చాలు.

పెదనాయన


వాకాడు,
అక్టోబరు

పెదనాయనకు నమస్కారాలు.

మీ ప్రశ్నలు చదివి మా పైలట్ గిద్యోను గారికి వినిపించాను. ఆయనది మీ పక్కనే కావలి. "మీ పెదనాయన మా క్లబ్బులో చేరాల్సిన మనిషి" అన్నారు.

విమానం అనగానే మీరు ఊహించుకునేంత పెద్దది కాదు మాది. రెండు సీట్ల విమానం బాగా మేసిన గేదెంత బరువుంటుంది. నలుగురం తోస్తే కదులుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. తుఫాను గాలి దాన్ని పడగొట్టదు పెదనాయనా, ఎగరేస్తుంది. రెక్కల కిందికి గాలి దూరితే లేవాలనే చూస్తుంది, లోపల మనిషి ఉన్నాడా లేడా అని చూసుకోదు.

మెడ లేదు గానీ, రెక్కల కింద రెండు, తోక దగ్గర ఒకటి ఇనుప కడియాలుంటాయి. నేలలో సిమెంటు దిమ్మలకు కొక్కేలుంటాయి. తాళ్లతో కడతాం. మామూలు ఈదురు గాలికి అది చాలు, తుఫానుకు చాలదు. షెడ్డులో పెడదామంటే మా షెడ్డు రేకులు చిన్న వానకే లేచి ఆడతాయి. అందుకే తుఫాను కబురు రాగానే విమానాలను లోపలికి, కడపకు తీసుకుపోతారు. మధ్యలో వెలికొండలు అడ్డముంటాయి కాబట్టి గాలి అక్కడికి చేరేసరికి దాని ఊపు సగం పోతుంది.

మా దగ్గర మూడున్నాయి. నాలుగు సీట్లది ఒకటి, రెండు సీట్లది ఒకటి. ఆ రెండూ ఎగిరిపోతాయి. మూడోది నాది. నాదంటే నేను కొన్నది కాదు, రెండేళ్లుగా విప్పి బిగిస్తున్నది. ఎప్పటిదో పాత విమానం, రెక్కలు గుడ్డవి. నవ్వకండి. చెక్క చట్రం మీద గుడ్డ పరిచి, కుట్టి, మందు పూస్తే డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఇప్పుడు దాని ఇంజను బల్ల మీద ముక్కలుగా ఉంది. అది ఎగరలేదు.

మా మేనేజరు సుశీల్ కుమార్ గారు ముందే తేల్చి చెప్పారు. మూడోది ఎగిరితేనే పిల్లలకు విమానం నడపడం నేర్పే స్కూలు పెడతారు. లేకపోతే మిగతా రెండూ అమ్మేసి గేటుకు తాళం వేస్తారు. అంటే ఈ గుడ్డ రెక్కల మీదే నా ఉద్యోగం, నా రెండేళ్లు, అన్నీ ఉన్నాయి. అల్పపీడనం వాయుగుండం అయిందంటున్నారు. రెక్కలు ఊడదీసి ఎక్కడైనా గట్టి కప్పు కింద పెట్టాలి. అంత పెద్ద తలుపున్న ఇల్లు ఎవరికుంటుంది?

ఊరగాయ అందింది. సగం నరసయ్యన్న ఇంటికి పోయింది. ఆయన మా వాచ్‌మన్, పక్క పల్లెలో సముద్రం మీద బతికే మనిషి.

రేవతి


బిట్రగుంట,
అక్టోబరు

రేవతికి,

గుడ్డ రెక్కలా! రాత్రి మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తే నమ్మలేదు. "పిల్ల నిన్ను ఆటపట్టిస్తుండాది" అంది. నేను మాత్రం నమ్మాను. గాలిపటం ఎగరట్లేదా?

అంత పెద్ద తలుపున్న ఇల్లు నీ బావకుంది. మనుబోలులో విజయభాస్కర్ రైసుమిల్లు గోడౌను మరిచిపోయావా? లారీ లోపలికి పోయి తిరిగి వస్తుంది. పైన సిమెంటు కప్పు. ఎడగారు పంట ధాన్యం ఇంకా పూర్తిగా దిగలేదట, ఒక పక్క ఖాళీగా ఉందట. వినీలతో మాట్లాడించాను. మీ బావ వరిగడ్డి తోలే ట్రాక్టరు, పెద్ద ట్రైలరు పంపుతాడు. విమానం కింద గడ్డి పరిచి తెచ్చుకో. వ్యాగన్లను కట్టినట్టే గొలుసులు వెయ్యమని చెప్పాను. గుడ్డ దాని మీద గొలుసు తగలకుండా నువ్వు చూసుకో.

రెక్కలు ఊడదీస్తే ఎన్ని బోల్టులు? మళ్లీ పెట్టేటప్పుడు ఏ బోల్టు ఎక్కడిదో ఎలా గుర్తుపడతావు? మేమైతే సుద్దముక్కతో గీతలు పెట్టేవాళ్లం.

నేనడిగిన ఆఖరి ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. హడావుడిలో మరిచిపోయావనుకుంటున్నాను. పైకి పోతే ఎలా ఉంటుంది?

పెదనాయన


వాకాడు,
అక్టోబరు చివర

పెదనాయనకు,

విమానాన్ని గడ్డి ట్రైలరు మీద హైవేలో తీసుకుపోవడం మీరు చూడాల్సింది. వెనక రెక్కలు, ముందు పొట్ట, చుట్టూ తాళ్లు. లారీలవాళ్లు పక్కన నడిపిస్తూ వీడియోలు తీసుకున్నారు. నాయుడుపేట దగ్గర ఒక ముసలాయన ట్రాక్టరు ఆపించి, "ఇది పడిపోయిందా అమ్మా, పడబోతుండాదా?" అని అడిగాడు. పడకుండా ఉండడానికే తీసుకుపోతున్నామని చెబితే, "అట్నా, మంచిది" అని కొబ్బరి నీళ్లిచ్చాడు.

మనుబోలులో మిల్లు గేటు దగ్గర వినీలక్క పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నేను వద్దంటున్నా వినలేదు.

"చక్రాలుండేది ఏదైనా సరే, పసుపు కుంకం పెట్టకుండా ఈ గేటు దాటనిచ్చేది లేదు. లారీకి పెట్టినాం, పొక్లెయినుకు పెట్టినాం. దీనికేం తక్కువ?" అంది.

హమాలీ పెంచలకృష్ణ పళ్లెం అందుకుని చుట్టూ తిరిగి చూశాడు. "అక్కా, దీనికి మొహం యాడుండాది?"

"కనపడిన చోటల్లా పెట్టు. ఎక్కడో ఒకచోట మొహం ఉండకపోదు."

ముక్కుకు పెట్టారు, తోకకు పెట్టారు, పక్కల పొడవునా వరసగా పసుపు ముద్దలు, వాటి మీద కుంకుమ. గుమ్మడికాయ పగలగొట్టారు. అందరికీ నా విమానం ముద్దొచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

తుఫాను మాత్రం రాలేదు. నడిసముద్రంలో మనసు మార్చుకుని ఉత్తరానికి పోయింది. ఇక్కడ మూడు చినుకులు పడ్డాయి. సుశీల్ కుమార్ గారు ఒక వారం నన్ను చూసినప్పుడల్లా ఆకాశం వైపు చూసి నవ్వారు. "నాన్నా పులి" కథ మా ఆఫీసులో కొత్తగా మొదలైంది. నరసయ్యన్న మాత్రం నవ్వలేదు. "సముద్రం ఎవురికీ మాటియ్యదు పాపా. తుపాను రాలేదని ఏడిసేవోళ్లు యాడన్నా ఉంటారా?" అన్నాడు.

విమానం వెనక్కి వచ్చింది. రెండు రోజులు పైపుతో నీళ్లు కొట్టి పసుపంతా కడిగాను. ఇంజను ఎక్కిస్తున్నాను. బోల్టులకు మేం రంగు దారాలు కడతాం, సుద్దగీతలు కాదు.

రేవతి


బిట్రగుంట,
నవంబరు

రేవతికి,

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసని పెద్దవాళ్లు ఊరకే అనలేదు. నవ్వేవాళ్లను నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది.

నీ ఉత్తరాలన్నీ ఇవాళ వరసగా పెట్టుకుని మళ్లీ చదివాను. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది, అది గుర్తొచ్చి చదివాను. ఇంజనును విప్పి బిగించిన ఫిట్టరు దాని మొదటి పరుగులో డ్రైవరు పక్కన నిలబడి పోవాలి. రూలు పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు, మా ఫోర్‌మన్ నోట్లో ఉండేది. అలా నేను కావలి దాకా, ఒక్కోసారి ఒంగోలు దాకా పోయి బొగ్గు మొహంతో తిరిగి వచ్చేవాణ్ణి. ఎక్కడ ఏ కీలు మూలిగినా డ్రైవరు ముందు నా మొహం చూసేవాడు. మీ విమానాల్లో కూడా అలాంటిదేమైనా ఉందా అని అడుగుదామనుకున్నాను.

అడగబోతూ నీ ఉత్తరాలు చూస్తే ఒక సంగతి తట్టింది. కడియం గురించి రాశావు, రెక్క గురించి రాశావు, తాడు, కొక్కెం, గుడ్డ, బోల్టు, గడ్డి ట్రైలరు, అన్నీ రాశావు. అన్నీ కింద నిలబడి చూసినట్టే ఉన్నాయి. ఎక్కి చూసినట్టు ఒక్క వాక్యం లేదు. నేను రెండుసార్లు అడిగిన ప్రశ్నను నువ్వు రెండుసార్లూ దాటేశావు. ఊరగాయ గురించి రాయడానికి తీరిక దొరికిన మనిషికి దీనికి దొరకలేదా?

అమ్మాయ్, నువ్వు ఎప్పుడైనా ఎగిరావా?

కోప్పడి అడగడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పెదనాయన


వాకాడు,
డిసెంబరు

పెదనాయనకు,

మీ ఉత్తరానికి నెల రోజులుగా జవాబు రాయలేదు. రాయడానికి ఏముంది? లేదు, ఎగరలేదు.

హైదరాబాదులో చదివేటప్పుడు అందరినీ వంతులవారీగా విమానం ఎక్కించారు. నా వంతు వచ్చింది. నేల వదలక ముందే దించమని ఏడ్చాను. దించారు. తర్వాత ఎవరూ అడగలేదు, ఇంజనీరుకు నేల మీదే పని కదా. ఇక్కడ చేరాక కూడా ఎవరికీ తెలియదు. రోజూ విమానం కడుపులో తలదూర్చి పనిచేస్తాను, కానీ దాని చక్రం కదిలిందంటే నేను కింద ఉండాలి.

ఇప్పుడిది ఎందుకు రాస్తున్నానంటే, మళ్లీ తుఫాను వస్తోంది. ఈసారిది మనసు మార్చుకునేలా లేదు. పల్లెలో పడవలన్నీ అప్పుడే వాగులోకి చేర్చేశారు. నరసయ్యన్న భార్య నాగులమ్మ వలలు మూట కట్టి ఇంటి పైకప్పు మీద తాళ్లు వేయించింది. గిద్యోను గారు ఒక విమానాన్ని నిన్న కడపకు చేర్చి కారులో వెనక్కి వచ్చారు. ఇవాళ రెండోది తీసుకుపోయి మళ్లీ రాత్రికి వస్తారు. ఇంకొక పైలట్ సెలవులో ఉన్నాడు.

మూడోది సిద్ధంగా ఉంది. ఇంజను తిరుగుతోంది, మేఘం గర్జించినట్టు కాదు, సాఫీగా, మీకు నచ్చేలా. బావ గోడౌను ఈసారి ధాన్యం బస్తాలతో తలుపు దాకా నిండిపోయింది. రెక్కలు ఊడదీయడానికి టైము కూడా లేదు. పరీక్షగా ఎగరాల్సింది ఎలాగూ ఉంది కాబట్టి నేరుగా కడపకే ఎగరండని పైనుంచి అనుమతి వచ్చింది. ఎల్లుండి పొద్దున లేవాలి. ఆ తర్వాత గాలి ఎవరి మాటా వినదు.

గిద్యోను గారు ఒకటే షరతు పెట్టారు.

"రేవతీ, కొత్తగా కట్టిన బండిని ఇంజనీరు పక్కన లేకుండా నేను లేపను. నీ మీద నమ్మకం లేక కాదు. పైన ఏదన్నా మూలిగితే అది ఎందుకు మూలుగుతుండాదో చెప్పేదానికి నాకు మనిషి కావాల."

మీ షెడ్డు పద్ధతే. నేను సరేనన్నాను. ఎక్కకపోతే విమానం ఇక్కడే ఉంటుంది, ఉంటే పోతుంది. ఎక్కనని చెప్పే దారులు వెతుకుతున్నాను. ఒక బోల్టు వదులుగా ఉందని అబద్ధం చెబితే చాలు. ఎవరూ కాదనరు.

బావ ఇక్కడే ఉన్నాడు, కావలికి పని మీద పోతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. రేపటికల్లా మీ జవాబు తెచ్చిస్తానన్నాడు. మీకు తప్ప ఇంకెవరికీ రాయలేను.

రేవతి


బిట్రగుంట,
అదే రోజు

రేవతీ,

మీ బావ కారు ఆపకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అందుకని పొట్టిగా రాస్తాను.

ధైర్యం చెప్పను. ధైర్యం చెబితే వచ్చేదైతే ఆసుపత్రుల్లో సూదులెందుకు? ఒకటే అడుగుతాను. నీ భయం ఎత్తుకా, నీ చేతిపనికా?

ఎత్తుకైతే, అది నీ ఒక్కదాని బాధ. ఎక్కడమా మానడమా నీ ఇష్టం. మానినా నువ్వు నా బంగారు తల్లివే. ఉద్యోగం పోతే ఇంకొకటి.

చేతిపనికైతే, ఆ గిద్యోను గారిని కూడా ఎక్కనివ్వకు. నువ్వు ఎక్కలేని దాంట్లో ఇంకొకరిని ఎక్కించే హక్కు నీకు లేదు.

ఏది అన్నది నీకొక్కదానికే తెలుస్తుంది. విమానం దగ్గరకు పోయి, చెయ్యి పెట్టి చూసుకుని తేల్చుకో. వదులుగా లేని బోల్టును వదులని మాత్రం అనకు. బోల్టు మీద నింద వెయ్యకూడదు.

హజరత్తయ్య


కడప,
డిసెంబరు

పెదనాయనకు,

నేను కడపలో ఉన్నాను. ప్రాణంతో ఉన్నాను. ముందు ఆ మాట రాసేశాను, ఇక నిదానంగా చదవండి.

మీ ఉత్తరం పట్టుకుని విమానం దగ్గరకు పోయాను. ముక్కు నుంచి తోక దాకా ప్రతి కీలూ చెయ్యి పెట్టి చూశాను. తేలిపోయింది, నా భయం ఎత్తుకే. చేతిపనికి కాదు. అంత గట్టిగా తేలాక ఇక వంక దొరకలేదు. ఎక్కాను.

లేచేటప్పుడు కళ్లు మూసుకుని గిద్యోను గారి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. సముద్రం మీద నుంచి వచ్చే గాలి వెనక నుంచి తోస్తోంది. కాసేపటికి ఆయన గొంతు విని కళ్లు తెరిచాను.

"ఏందిది, వేగం పడిపోతుండాది?"

వేగం చెప్పే ముల్లు నిజంగానే జారుతోంది. విమానానికి వేగం చాలకపోతే రెక్కలు మొయ్యవు, రాయిలా పడిపోతుంది. వేగం కావాలంటే ముక్కు కిందికి దించాలి. ఆయన దించారు. ముల్లు కొంచెం కోలుకుంది. మళ్లీ పైకెత్తారు, మళ్లీ జారింది. ఎదురుగా వెలికొండలు. వాటి నెత్తిన మబ్బు కూర్చుని ఉంది. ఎక్కకపోతే కొండ తగులుతుంది. ఎక్కితే వేగం పోయి పడిపోతామని ముల్లు చెబుతోంది.

నేను ఇంజను విన్నాను. రెండేళ్లుగా నా చేతుల్లో ఉన్న ఇంజను, దాని గొంతులో ఏ లోటూ లేదు. అప్పుడు పక్క ముల్లు చూశాను. ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పేది. వాకాడులో నేల మీద ఉన్నప్పుడు ఎక్కడుందో ఆ ముల్లు ఇప్పుడూ అక్కడే ఉంది. కిందేమో పెన్సిలు గీతంత హైవే. మేం ఇంత పైన ఉంటే అది నేల మీదే ఉన్నామంటోంది! మూడో ముల్లు, ఎక్కుతున్నామా దిగుతున్నామా చెప్పేది, అదీ కదలడం లేదు.

ఆ మూడు ముళ్లకూ గాలి అందేది ఒకే ఒక్క రంధ్రం నుంచి. విమానం పక్కన, గుండుసూది తలంత ఉంటుంది. బయటి గాలి అందులో నుంచి లోపలికి వస్తేనే అవి నిజం చెబుతాయి. అది మూసుకుపోయింది. ఎందుకు మూసుకుపోయిందో కూడా అప్పుడే తట్టింది. వినీలక్క పసుపు పెదనాయనా! పక్కల పొడవునా వరసగా పెట్టిన ముద్దల్లో ఒకటి సరిగ్గా దాని మీద పెట్టారు. పైపు పెట్టి కడిగినప్పుడు నేనే దాన్ని లోపలికి దించాను. పైకి రంధ్రం తెరిచే కనిపించింది. లోపల గడ్డకట్టి ఉంది.

"అన్నా, ముక్కు దించబాక! వేగం ఉండాది. ముల్లు అబద్ధం చెప్తుండాది!" అని అరిచాను. ఆయన నా మొహం చూశారు. ఒక్క క్షణమే చూశారు. తర్వాత ముక్కు దించడం ఆపారు.

నేను టార్చిలైటు తీసుకుని మూడో ముల్లు మీది అద్దం పగలగొట్టాను. నా చేత్తో తుడిచి బిగించిన అద్దం. అది పగిలితే మేం కూర్చున్న చోటి గాలి లోపలికి పోతుంది. బయటి గాలి అంత కచ్చితం కాదు గానీ పనికొస్తుంది. మూడు ముళ్లూ ఒక్కసారి ఎగిరిపడి కదిలాయి. వేగం కావలసినంత ఉంది. ఎత్తు మాత్రం కొండ దాటడానికి చాలదు. గిద్యోను గారు ముక్కు ఎత్తి, పెంచలకోన పక్కగా తిప్పి, మబ్బుకు ఎడంగా ఎక్కించి దాటించారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారనుకుంటా. నేను కూడా నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

దిగాక ఇద్దరం రెక్క కింద నేల మీదే కూర్చుండిపోయాం. ఆయన, "నువ్వు రాకపోయుంటే నేను ఆ ముల్లునే నమ్ముకుని ఉందును" అన్నారు.

పెదనాయనా, చేతిపనికి భయం లేదని ఎక్కాను కదా, అది తప్పు. నా పనిలో లోపం ఉంది. నేను ఎక్కకుండా ఆయన్ను ఒక్కణ్ణే పంపి ఉంటే ఆ లోపం ఆయన్ను చంపేది. కింద నిలబడి చెయ్యి ఊపి పంపేసేదాన్ని.

వినీలక్కకు మాత్రం చెప్పకండి.

రేవతి


బిట్రగుంట,
డిసెంబరు

నా తల్లీ రేవతీ,

నీ ఉత్తరం వచ్చే దాకా ఈ ఇంట్లో ఏం జరిగిందో నీకు చెప్పాలి. మీ బావ నా జవాబు తీసుకుని పోగానే మీ పెద్దమ్మ, ఏం రాశావని అడిగింది. చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆ పిల్ల నీ మాట విని ఎక్కి, ఏదన్నా అయితే?" అంది. అంతవరకు నేను గొప్ప ఉత్తరం రాశాననుకుంటున్నాను. ఆ నిమిషం నుంచి ఆ కాగితం వెనక్కి వస్తే బాగుండునని మొక్కుకున్నాను. నాకు నీ మీద ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది, నా కుతూహలం ఎంత పొగరుబోతుదో కూడా తెలిసింది. కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేసేవాడికేం, ఎగిరేది నువ్వు కదా.

నువ్వు చేరావని విజయభాస్కర్ ఫోనుకు కబురు వచ్చినప్పుడు మీ పెద్దమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు చెవుడు గానీ కళ్లు బాగానే పనిచేస్తున్నాయి.

వినీలకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక పూట అన్నం తినకుండా తలుపేసుకుని కూర్చుంది. తర్వాత బయటికి వచ్చి ఏమందో తెలుసా? "ఈసారి బెజ్జాలు యాడాడ ఉండాయో ముందే చెప్పమను నాయనా. వాటిని తప్పించి పెడతా." పసుపు మాత్రం మానదట!

ఇక్కడ గాలి ఒక రాత్రంతా ఊపింది. మాకేం కాలేదు. వాకాడు వైపు గట్టిగా కొట్టిందని టీవీలో చూపిస్తున్నారు. నీ వాళ్లందరూ ఎలా ఉన్నారు?

విమానాలు వెనక్కి వచ్చేటప్పుడు నువ్వు వాటిలో రానక్కర్లేదు. ఒకసారి చేశావు, అది చాలు. మీ బావ కారు పంపుతున్నాడు. హాయిగా వెనక సీట్లో పడుకుని రా. మీ పెద్దమ్మ ఆజ్ఞ కూడా ఇదే.

పెదనాయన


కడప,
డిసెంబరు చివర

పెదనాయనకు, పెద్దమ్మకు,

నరసయ్యన్న ఫోను చేశాడు. పల్లెవాళ్లంతా తుఫాను షెల్టరులో క్షేమంగా ఉన్నారు. రెండు పడవలు, చాలా వలలు పోయాయి. నాగులమ్మ ఇంటికప్పు పోయింది. మా షెడ్డు పూర్తిగా కూలింది. దూలం సరిగ్గా మూడో విమానం ఉండే చోట పడిందట. "అది ఈడే ఉండుంటే పుల్లలు ఏరుకోవాల్సిందే పాపా" అన్నాడు. సుశీల్ కుమార్ గారు అమ్మకం మాట ఎత్తడం లేదు. ముందు షెడ్డు కట్టాలి, తర్వాత స్కూలు సంగతి చూద్దామన్నారు. ఈసారి ఆకాశం వైపు చూసి నవ్వలేదు.

రంధ్రం శుభ్రం చేశాను. సన్నటి తీగకు పసుపు ముద్దగా అంటుకుని వచ్చింది. కొత్త అద్దం బిగించాను. గిద్యోను గారు నిన్న ఒక్కసారి తిప్పి చూద్దామన్నారు. నేను పక్కన కూర్చున్నాను. మళ్లీ చొక్కా చెయ్యి పట్టుకున్నాను. ఆ చొక్కా చెయ్యి ఇప్పటికే సాగిపోయిందని ఆయన ఫిర్యాదు.

బావ పంపిన కారు ఇవాళ పొద్దున వచ్చింది. డ్రైవరు రాజ్ కుమార్ వెనక సీట్లో దిండు కూడా పెట్టుకొచ్చాడు. పెద్దమ్మ చెప్పిందట. నా రెంచీల పెట్టె బరువని అందులో ఎక్కించాను. ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను.

"మీరెక్కడ కూర్చుంటారక్కా, ముందరా యెనకా?" అని అడుగుతున్నాడు. భయం పోయిందని చెబితే అబద్ధం. అరచేతులు తడిగా ఉన్నాయి, అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది. కారును నేను లేకుండానే పంపేస్తున్నాను.

రేవతి